కారణం కాదు, కారణాంకం

ఆంధ్ర, తెలంగాణల కృష్ణా నీళ్ల గొడవకు అందరూ నాయకులనే తిడుతున్నారు. పాపం, వాళ్ల తప్పేమీ లేదు. మిర్యాలగూడలో ఒక టీకొట్టు బల్ల మీద, వడ్ల తూకం చిట్టీ వెనకవైపు లెక్క వేసి మరీ చెబుతున్నాను: తప్పు 811ది.

కృష్ణా నీళ్లను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చింది 811 టీఎంసీలు. 811 ప్రధాన సంఖ్య. ఒకటీ తనూ తప్ప ఇంకెవరినీ వేలు పెట్టనివ్వని మొండిఘటం. రేపోమాపో పంచుకోవాల్సిన ఆస్తిని ఎవరైనా ప్రధాన సంఖ్యలో ఇస్తారా? ఒక్కటి తగ్గించి 810 ఇచ్చి ఉంటే 2, 3, 5, 6, 9, 10, ఎన్ని వాటాలడిగినా శేషం లేకుండా తెగేది.

టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు కాబట్టి పక్కన తొమ్మిది సున్నాలు పెట్టి చూడమంటారు లెక్కల సార్లు. పెట్టాను. 8,11,00,00,00,000. తొమ్మిది రెండ్లు, తొమ్మిది ఐదులు లోపలికొచ్చి కూర్చున్నాయి. 811 మాత్రం కుర్చీ దిగలేదు.

2015లో తాత్కాలికమని చెప్పి ఆంధ్రకు 512, మన తెలంగాణకు 299 అన్నారు. అందరూ ఎక్కువ తక్కువలే చూశారు గానీ సంఖ్యల గుణం చూడలేదు. 512 ఎంత అణకువ గలదంటే, సగం చేస్తూ పోతే తొమ్మిదోసారికి బుద్ధిగా ఒకటి దగ్గర ఆగుతుంది. మన 299 మొదటి సగానికే అర టీఎంసీ చిల్లర రాలుస్తుంది. లోపల ఉన్న కారణాంకాలు 13, 23. రెండూ ప్రధాన సంఖ్యలే. (ఈ వివక్ష మీద ఇంతవరకు ఒక్క ధర్నా జరగలేదు.)

13 అంటే గుర్తొచ్చింది. నాగార్జునసాగర్ డ్యామ్‌కు 26 గేట్లు. 2023 నవంబర్ 30న, మనం ఓట్ల లైన్లో నిలబడ్డ రోజు, ఆంధ్ర పోలీసులు 13వ గేటు దగ్గర ముళ్లకంచె వేశారు. గేట్లయితే సగమయ్యాయి. మరి నీళ్లు? నిండు సాగర్ 312.0450 టీఎంసీలు, అంటే 31,204 కోట్ల 50 లక్షల ఘనపుటడుగులు. (కట్టిననాటి లెక్క 408.24 టీఎంసీలు. ఘనపుటడుగుల్లో రాస్తే 1 నుంచి 10 దాకా ఏ అంకెతోనైనా తెగేది. పూడిక వచ్చి నీళ్ల జాగాతో పాటు 7నీ 9నీ కూడా మింగేసింది.) దాన్ని 26తో భాగించాను. గేటుకు 1,200 కోట్ల 17 లక్షల 30 వేల 769. శేషం 6.

ఆరు ఘనపుటడుగులంటే దాదాపు 170 లీటర్లు. అవి ఎవరివి? ఆంధ్రవా, మనవా, కంచెవా? దీన్ని తేల్చకుండా ఏ గేటు ఎత్తినా అది అన్యాయమే. వెంటనే ఒక సబ్‌కమిటీ వేయాలి. అటు ఇద్దరు ఇంజనీర్లు, ఇటు ఇద్దరు, మధ్యలో ఒక డ్రమ్ము.

పక్క బల్ల దగ్గర ఎడమ కాలువ చివరి ఆయకట్టు రైతు ఒకాయన నా లెక్కంతా ఓపిగ్గా విన్నాడు. చాయ్ గ్లాసు కింద పెట్టి అన్నాడు:

"సారూ, మా తూము దాకా నీళ్లు రాక నారు ఎర్రబడ్డది. ఆ శేషమేదో వదిలేనాడు జర ముందుగాల చెప్పు. డ్రమ్ము నేనే తెస్త."