తండ్రెవరు? చట్టం ముందు చూసేది క్యాలెండరే

భార్యకు తెలియకుండా బిడ్డ వెంట్రుకలో, లాలాజలమో కొరియర్‌లో పంపి తెప్పించుకున్న ప్రైవేటు ల్యాబ్ రిపోర్టు చేతిలో ఉంటే, ఫ్యామిలీ కోర్టు మెట్లెక్కే భర్తకు కేసు సగం గెలిచేసినట్టే అనిపిస్తుంది. అక్కడ ముందు తేలాల్సినవి వేరే. పెళ్లెప్పుడైంది? బిడ్డ ఎప్పుడు పుట్టింది? గర్భం నిలిచిన రోజుల్లో ఇద్దరూ ఎక్కడున్నారు?

1872 నాటి సాక్ష్య చట్టంలో 112వ సెక్షన్‌గా ఉన్న నియమమే 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 116గా కొనసాగుతోంది. చెల్లుబాటయ్యే పెళ్లి ఉండగా పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డేనన్నది చట్టపు ఊహ. విడాకులైనా, భర్త పోయినా, తల్లి మళ్లీ పెళ్లి చేసుకోకపోతే ఆ తర్వాత 280 రోజుల్లోపు పుట్టిన బిడ్డకూ ఇదే వర్తిస్తుంది. అంటే 2025 జనవరి 1న విడాకుల డిక్రీ వస్తే లెక్క అక్టోబర్ 8 దాకా నడుస్తుంది.

దీన్ని తోసిపుచ్చడానికి ఉన్న దారి ఒక్కటే: గర్భం నిలిచే అవకాశమున్న కాలంలో ఇద్దరికీ కలిసే వీలే లేదని రుజువు చేయడం. కలిశారా లేదా అన్నది కాదు, వీలుందా లేదా అన్నదే ప్రశ్న. చాలా కేసులు ఇక్కడే కూలిపోతాయి. "గొడవపడి వేరుగా ఉంటున్నాం" అంటే చాలదు. ఒకే ఊళ్లో రెండిళ్లలో ఉన్నా వీలున్నట్టే. గల్ఫ్‌లో పనిచేసే కరీంనగర్ మనిషికి పాస్‌పోర్టు మీది ఇమిగ్రేషన్ ముద్రలు, కంపెనీ హాజరు రికార్డు గట్టి సాక్ష్యాలే. కానీ ఆ నెలల్లో పది రోజులు సెలవు మీద ఇంటికొచ్చి వెళ్లిన ముద్ర ఒక్కటి కనిపిస్తే వాదన అక్కడితో ముగిసినట్టే. రుజువు భారమంతా కాదనే వాడిదే. మామూలు సివిల్ కేసులో సాక్ష్యం ఒకవైపు కాస్త మొగ్గితే చాలు, ఇక్కడ అది సరిపోదని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది.

మరి డీఎన్ఏ? అడిగిందే తడవుగా రక్తపరీక్షకు ఆదేశించకూడదని 1993లో గౌతమ్ కుందు కేసులో తేల్చారు. భార్య వివాహేతర సంబంధాన్ని నిరూపించడానికి బిడ్డ రక్తాన్ని అడ్డదారిగా వాడొద్దని 2023లో మరోసారి చెప్పారు. ఒకసారి కోర్టు ద్వారా పరీక్ష జరిగిపోతే మాత్రం కథ మారుతుంది. 2014 నాటి బద్వాయిక్ మనోవర్తి కేసులో నాగపూర్ ల్యాబ్, ఆ తర్వాత హైదరాబాద్‌లోని కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబ్ కూడా భర్త తండ్రి కాదని తేల్చాయి. చట్టపు ఊహ కంటే సైన్సు చెప్పిన నిజమే మేలని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. కాబట్టి అసలు పోరాటం రిపోర్టు మీద కాదు, పరీక్షకు ఆర్డర్ సాధించడం మీదే. కొరియర్ రిపోర్టు బలహీనపడేదీ అందుకే: శాంపిల్ ఎవరిదో, ఎవరు తీశారో, మధ్యలో ఎవరి చేతులు మారిందో చెప్పే సాక్షి ఉండడు.

ఈ నియమం బిడ్డకు కవచం అంటారు. నిజమే, కానీ అదే కవచం కొన్నిసార్లు బిడ్డకే అడ్డుగోడ అవుతోంది. ఉమ్మడి రాష్ట్ర గవర్నర్‌గా పనిచేసిన ఎన్.డి. తివారీపై కొడుకు వేసిన దావాలో, తల్లికి అప్పట్లో వేరే భర్త ఉన్నా, సక్రమ సంతానం కావడం వేరు, కన్నతండ్రి ఎవరన్నది వేరు అంటూ ఢిల్లీ హైకోర్టు పరీక్షకు ఆదేశించింది. 2012లో ఫలితం కొడుకు మాటే నిజమంది. 2025 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఇవాన్ రత్తినం కేసులో సుప్రీంకోర్టు ఆ తేడాను ఒప్పుకోలేదు. మరొకరితో సంబంధం ఉందన్నా భర్తతో కలిసే వీలు లేకుండా పోదు, కాబట్టి భర్తే తండ్రి అంది. అక్కడ కన్నతండ్రి అంటున్న మనిషి నుంచి మనోవర్తి అడిగింది కొడుకే. బిడ్డే వచ్చి అడిగినప్పుడూ తలుపు మూయడం నా దృష్టిలో నియమాన్ని దాని ఉద్దేశం దాటించి లాగడమే.

పెళ్లి లేని చోట ఈ ఊహ పనిచేయదు. తండ్రెవరో సాక్ష్యంతో నిరూపించాలి. బర్త్ సర్టిఫికెట్‌లో పేరు ఉన్నంత మాత్రాన అది తిరుగులేని రుజువు కాదు, సాక్ష్యంలో ఒక ముక్క మాత్రమే. తండ్రి పేరు చెప్పలేదని పెళ్లికాని తల్లికి సర్టిఫికెట్ నిరాకరించకూడదని 2015లోనే తీర్పుంది. పుట్టిన 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుమూ ఉండదు, ఏడాది దాటితే మ్యాజిస్ట్రేటు ఆర్డర్ కోసం తిరగాలి. మనోవర్తికి బిడ్డ సక్రమమా కాదా అన్న తేడా లేదు.

దంపతుల కోసం మరో స్త్రీ బిడ్డను మోసి కనే సరోగసీలో లెక్క తిరగబడుతుంది. 2021 చట్టం ప్రకారం బిడ్డ తల్లిదండ్రులెవరో తేల్చే ఆర్డర్‌ను ఫస్ట్ క్లాస్ మ్యాజిస్ట్రేటు నుంచి ముందే తెచ్చుకోవాలి. దంపతులు, సరోగేట్ తల్లి కలిసి దరఖాస్తు చేయాలి. పుట్టాక జనన నమోదుకు అదే ఆధారం. 2025 జులైలో సికింద్రాబాద్‌లో బయటపడ్డ కేసులో, సరోగసీ పేరుతో చేతికిచ్చిన బిడ్డ డీఎన్ఏ ఆ దంపతులతో సరిపోలలేదని పోలీసులు చెప్పారు. లక్షలు కట్టే ముందు క్లినిక్‌ను అడగాల్సినవి మూడు కాగితాలు: జిల్లా మెడికల్ బోర్డు సర్టిఫికెట్, సరోగేట్ పేరున 36 నెలల బీమా, మ్యాజిస్ట్రేటు ఆర్డర్. మూడోది "తర్వాత చూసుకుందాం" అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయాలి.