అంగారకుడి మాంగనీసు గురించి గరివిడి నుంచి

గరివిడి, చీపురుపల్లి చుట్టుపక్కల పాత గనుల దిబ్బల మీద దొరికే నల్లరాయిని కొంచెం రుద్ది చూడండి, వేళ్లకు మసి అంటుకుంటుంది. అది మాంగనీసు ఆక్సైడు. మన దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మొదలైంది ఈ విజయనగరం ప్రాంతంలోనే. అదే మాంగనీసు ఆక్సైడు అంగారకుడి మీద గేల్ బిలంలోనూ, ఒకప్పటి సరస్సు ఒడ్డున పేరుకున్న ఇసుకరాళ్లలో బాగా ఎక్కువగా ఉందని 2024 మేలో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అక్కడ తిరుగుతున్న నాసా బండి క్యూరియాసిటీ రోవర్ రాయి మీద లేజర్ కొట్టి, అక్కడ పుట్టిన మెరుపు వెలుగును విడగొట్టి చూసి ఆ సంగతి పట్టుకుంది.

నీళ్లలో కరిగి ఉన్న మాంగనీసు ఆక్సైడుగా మారి అడుగుకు చేరాలంటే బలమైన ఆక్సీకరణ జరగాలి. భూమ్మీద ఆ పని ఆక్సిజన్ చేస్తుంది, సూక్ష్మజీవులు దాన్ని వేగిరం చేస్తాయి. అందుకే అంగారకుడి మీద మాంగనీసు అనగానే ఆక్సిజన్, ఆక్సిజన్ అనగానే జీవం దాకా వెళ్లిపోవడం చాలా తేలిక. నేను మాత్రం అంత దూరం వెళ్లను. ఆక్సిజన్ లేకపోయినా క్లోరేట్, బ్రోమేట్ లాంటి లవణాలు అంగారకుడి నీళ్లలో ఈ పని చేయగలవని సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2022లోనే ప్రయోగశాలలో చేసి చూపించారు. అంటే రాయిలో ఏముందో తెలిసినంత మాత్రాన అది ఎలా పుట్టిందో తెలిసినట్టు కాదు.

దీనికి గరివిడి దగ్గరి మన కోడూరు మాంగనీసు గనే సాక్ష్యం. గోమేదికాల జాతి ఖనిజం, ఫెల్డ్‌స్పార్, అపటైట్ కలిసిన అక్కడి రాయికి భూగర్భ శాస్త్రవేత్త ఫెర్మర్ గత శతాబ్దం మొదట్లో కోడురైట్ అని పేరు పెట్టారు. అది కరిగిన శిలాద్రవం గడ్డకట్టి ఏర్పడిందని ఆయన వాదించారు. కాదు, నీటి అడుగున పేరుకున్న పాత అవక్షేపాలే వేడికీ ఒత్తిడికీ రూపు మారాయని తర్వాతి వాళ్లన్నారు. రెండూ కలిసి పుట్టిన రాయి అన్నవాళ్లూ ఉన్నారు. నడిచి వెళ్లగలిగే గని, చేత్తో పట్టుకోగలిగే రాయి, పల్చగా కోసి మైక్రోస్కోప్ కింద పెట్టే వీలు అన్నీ ఉండి కూడా ఆ వాదన దశాబ్దాలు నడిచింది. అలాంటిది కోట్ల కిలోమీటర్ల అవతల ఉన్న రాయి పుట్టుక గురించి ఒక రోవర్ చివరి మాట ఎలా చెబుతుంది?

అంగారకుడి మీదే ఉన్న జెజెరో బిలంలో నాసా వారి మరో రోవర్ పర్సెవరెన్స్‌కు 2024 జులైలో దొరికిన ఎర్రటి రాయిదీ ఇదే కథ. దాని మీద చిరుతపులి మచ్చల్లాంటి గుర్తులున్నాయి. వాటిలో ఇనుప ఫాస్ఫేట్, ఇనుప సల్ఫైడ్ ఖనిజాలున్నట్టు 2025 సెప్టెంబర్‌లో నేచర్ పత్రికలో వచ్చింది. భూమ్మీద బురదలో సూక్ష్మజీవులు ఇలాంటి రసాయన చర్యలే నడుపుతాయి. అయితే జీవం లేకుండా కూడా అవి జరగొచ్చని ఆ శాస్త్రవేత్తలే జాగ్రత్తగా రాశారు. తేల్చాలంటే ఆ రాయి ల్యాబ్‌కు రావాలి. దాని నమూనా ఇప్పటికే గొట్టంలో భద్రంగా ఉంది.

దాన్ని తెచ్చే ప్రయత్నమే మూలపడుతోంది. ఖర్చు 1,100 కోట్ల డాలర్లు, సమయం 2040 దాకా పట్టొచ్చని నాసా 2024లో చెప్పింది. 2025లో అమెరికా ప్రభుత్వం ఆ కార్యక్రమాన్నే రద్దు చేద్దామని ప్రతిపాదించింది. ఖర్చు భయపెట్టేదే, ఒప్పుకుంటాను. తక్కువ ఖర్చులో చేసే దారి వెతకాల్సిందే. కానీ రాళ్లను ఏరి, సీల్ వేసి, అక్కడే వదిలేయడం నాకు మింగుడుపడటం లేదు. చైనా 2028 ప్రాంతంలో టియాన్వెన్-3 వ్యోమనౌకను పంపి అంగారకుడి మట్టీ రాళ్లూ తెస్తానంటోంది, సంతోషమే. అయితే అది తాను దిగిన చోట తవ్వుకుని వస్తుంది. జెజెరోలో పర్సెవరెన్స్ అన్నేళ్లు తిరిగి ఎంచుకున్న రాళ్లను తీసుకురాదు.