ఆ "ఆవు సాధుజంతువు" మెసేజ్ ఇంక నాకు పంపకండి

ఈ వారంలో ఇది ఐదోసారి. "సంక్రాంతికి ఊరెళ్తున్నారా? పొలాల్లో పశువులతో జాగ్రత్తలు, తప్పక షేర్ చేయండి" అంట, కింద నాలుగు పువ్వులు రెండు దణ్ణాలు. పాడి ఉన్న ఇంట్లో పుట్టిన మా బావ కూడా నిన్న పంపాడు, ఇంక ఆగలేకపోయా.

"ఎర్రబట్టలేసుకుంటే పొడుస్తాయి." పశువులకి ఎరుపు మనకి కనిపించినట్టు కనిపించదు, స్పెయిన్‌లో ఎద్దు మీదకొచ్చేది గుడ్డ ఊపుతున్నందుకు, రంగు చూసి కాదు. మా ఊళ్ళో ఎర్రచీర కట్టుకునే పాలు పిండుతారు.

"మీదకొస్తే కింద పడుకుని ఊపిరి బిగబట్టండి." అది ఎలుగుబంటి కథ నాయనా, జంతువు మారిందని కూడా చూసుకోలేదు. పశువు తల దించి నేలకేసి కుమ్ముద్ది, పడుకుంటే దానికి ఇంకా సులువు.

"తోడుగా కుక్కని తీసుకెళ్ళండి." పశువులకి అసలు కోపమే కుక్క మీద, ఆ కుక్కేమో భయపడి మీ కాళ్ళ మధ్యకే దూరుద్ది. ఇంగ్లండ్‌లో కాలిబాటలు ఆవులు మేసే పొలాల్లోంచే పోతాయి, అక్కడ చెప్పేది కూడా ఆవులు వెంటబడితే గొలుసు వదిలెయ్యమనే.

ఇక నాకు ఒళ్ళు మండింది నాలుగోదానికి. "ఆంబోతుకి మాత్రం దూరంగా ఉండండి. ఆవు తల్లి లాంటిది, పిల్లల చేత లేగదూడని నిమిరించండి, ఫోటోలు బాగా వస్తాయి."

రాసినాయన ఈనిన ఆవుని ఎప్పుడన్నా చూశాడా, జున్ను తినడం కాదు, ఆవుని? రోజూ పాలు పిండే మా పిన్ని కూడా ఈనిన కొత్తలో పేరు పెట్టి పిలుస్తూ, దానికి కనపడేట్టు పక్కనుంచే వెళ్ళుద్ది, ఆవుకీ దూడకీ మధ్యలో మాత్రం చచ్చినా నిలబడదు. ఒంగోలు ఆవంటే నాలుగు క్వింటాళ్ళ పైమాటే, దాని ముందు మీ మూడేళ్ళ బుడ్డోడెంత. పోనీ కొమ్ములకి దూరంగా వెనకనుంచి వెళ్దామంటే సరిగ్గా తోక వెనక దానికి కనపడదు, ఉలిక్కిపడి తన్నుద్ది, ఆ కాలు పక్కకి కూడా విసురుద్ది. తల దించి బుసకొట్టి కాలితో నేల గీరుతుంటే ఫోటోకి పోజు ఇస్తోందనుకోకండి మహానుభావా. తల్లే, కాదన్నదెవరు, కాకపోతే మీ తల్లి కాదు, ఆ దూడ తల్లి.

సరే, నిజం చెప్పాలంటే మావాడి చేత నేనూ ఒకసారి నిమిరించా. పిన్ని కేకేసి రెక్క పట్టుకు లాగింది, వాడిని కాదు నన్ను.

డొంకలో గేదెని కట్టేసుంటే పలుపు ఎంత పొడుగుందో చూసుకుని అంతకి బయటనుంచి నడవండి. విడిగా ఉన్నది మీవైపే చూస్తుంటే పరిగెత్తకుండా, వీపు చూపకుండా, మెల్లగా గట్టు దాటెయ్యండి. మెసేజ్‌లో ఇవి రెండూ లేవు, "గోమాతకి నమస్కరించి ముందుకు సాగండి" మాత్రం ఉంది.

చివర్లో "పశువుల ఎదట గొడుగు ఠక్కున తెరవొద్దు" అన్నాడు చూడండి, నవ్వుదామనుకున్నా గానీ అది మాత్రం కరెక్టే. మా తాత ఒకసారి అలా తెరిస్తే ఎద్దులు బెదిరి బండితో సహా కాలవలో దిగినయ్, రెండు బస్తాల వడ్లు తడిసినయ్.