శాలువాలకు అందని సేవ

చెన్నైలో ముప్పయ్యేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్న ఒక తెలుగు న్యాయవాదిని ఈమధ్య ఒక సంఘం సన్మానించింది. సన్మానపత్రంలో సగం గెలిచిన కేసులు, సగం వైద్య శిబిరాలు, నోటుపుస్తకాల పంపిణీ. తంబుచెట్టి వీధిలోని ఆయన గదిలో శనివారం సాయంత్రాలు జరిగే పని మాత్రం ఏ సగంలోనూ లేదు. ఆయన చేసిన సేవల్లో పెద్దది అదేనని నా వాదన.

ఆ గదిలో ఒక సాయంత్రం కూర్చున్నాను. శ్రీకాకుళం నుంచి వచ్చిన తాపీమేస్త్రి ఒకరు చొక్కాజేబులోంచి నాలుగు మడతల కాగితం తీశారు. తమిళంలో ఉన్న సమన్లు. తనమీదే కేసు పెట్టారనుకుని మూడు రోజులుగా పనికి వెళ్లలేదట. "కేసు నీ మీద కాదయ్యా, నువ్వు సాక్షివి" అని చెప్పి, వాయిదా తేదీని క్యాలెండరు కాగితం వెనక పెద్ద అంకెల్లో రాసిచ్చారు న్యాయవాది. పది నిమిషాల పని.

సేవ చేయాలంటే వృత్తిని పక్కన పెట్టాలన్న భావన మనకు ప్రకాశం పంతులుగారి కథ నుంచి అబ్బిందేమో. మద్రాసు హైకోర్టులో బారిష్టరుగా దండిగా సంపాదిస్తూ 1921లో ప్రాక్టీసు వదిలేసి, 1928లో ఆ కోర్టుకు కూతవేటు దూరంలో తుపాకులకు రొమ్ము చూపిన మనిషి ఆయన. కోర్టు పరాయి పాలకులదైన రోజుల్లో బయటికి రావడమే సేవ. అదే కొలత ఇప్పటికీ పెడితే గౌను తొడుక్కునే సేవ చేసేవారు మన కంటికి ఆనరు.

ఉచిత న్యాయ సహాయానికి ప్రభుత్వ వ్యవస్థ ఉంది కదా అంటారు. ఉంది. 1995లో అమల్లోకి వచ్చిన న్యాయసేవాధికార సంస్థల చట్టం స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. ఆ న్యాయవాదికి కక్షిదారు భాష రావాలని మాత్రం అనదు.

అసలు చిక్కు భాషలోనే ఉంది. సాక్ష్యం ముద్దాయికి తెలియని భాషలో నడిస్తే అతనికి తెలిసిన భాషలో కోర్టులోనే వివరించాలని నేర విచారణ చట్టం ఎప్పటినుంచో చెబుతోంది. కానీ ఇంటికొచ్చే సమన్లకు, పరిహారం దరఖాస్తుకు ఆ రక్షణ లేదు. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోతే, వారిలో ఉత్తరాంధ్ర కూలీలు ఎందరో. అలాంటి కుటుంబానికి మొదటి గండం పేరు దగ్గరే ఎదురవుతుంది. తమిళ లిపిలో ప, బ రెంటికీ ఒకటే అక్షరం. ఊళ్లో బాలయ్య ఇక్కడి కాగితంలో పాలయ్య అయితే, ఇద్దరూ ఒకరేనని నిరూపించే భారం భార్య మీద పడుతుంది. ఆ ఒక్క అక్షరం సరిచేయించడానికి అఫిడవిట్ రాసే ప్లీడరు చేసే మేలు ఏ వైద్య శిబిరానికీ తీసిపోదు.

మన సంఘాల హాళ్లు శనివారాల్లో చాలాచోట్ల ఖాళీగానే ఉంటాయి. ఒక బల్ల, రెండు భాషలూ చదవగల ఇద్దరు జూనియర్లు ఉంటే చాలు. శాలువాల ఖర్చుతో వాళ్ల బస్సు ఛార్జీలు వెళ్లిపోతాయి.