ఏడాదికి ఇరవై ఎనిమిది వేలే సార్!

మొన్న ఆదివారం నల్లగొండలో ఒక ఫంక్షన్ హాల్లో నాకు జ్ఞానోదయమైంది. వేదిక మీద ఫ్లెక్సీ: ‘రెండేళ్లు ఇక్కడ, రెండేళ్లు అమెరికాలో, చేతికి రెండు డిగ్రీలు’. మా బామ్మర్ది కొడుకు ఎంసెట్ రాశాడు (పేరు ఎప్‌సెట్‌గా మార్చినా మనకది ఎంసెట్టే). వాడి ర్యాంకు గురించి అడగడం మర్యాద కాదు. ‘చదువుకున్నోనివి, నువ్వుండాలె బావా’ అని నన్నూ తోలుకపోయారు.

కౌన్సెలర్ మేడమ్ మొదటి ప్రశ్న: ‘ఏ బ్రాంచ్ కావాలి?’ అడిగింది పిల్లాణ్ని. వాడు నోరు తెరిచేలోపే నలుగురు పెద్దలు సీఎస్‌ఈ అని ఏకగ్రీవంగా తీర్మానించారు. అందులో ఏఐ-ఎంఎల్ మంచిదా, డేటా సైన్సా, సైబర్ సెక్యూరిటీయా అని కాసేపు నడిచింది. ‘అన్నీ కలిపి ఇయ్యరా అమ్మా?’ అన్నాడు వాళ్ల పెదనాయన, కూరగాయల బండి దగ్గర కొత్తిమీర కొసరడిగినట్టు.

ఇక ఫీజు. ‘అక్కడ ఏడాదికి ఇరవై ఎనిమిది వేలే సార్!’

బామ్మర్ది ముఖం వెలిగిపోయింది. సర్కారు ఇచ్చే రీయింబర్స్‌మెంటే 35,000. అంటే అమెరికాలో చదివిస్తే ఏడు వేలు మిగులు! ఆ మిగులుతో స్వెట్టర్ కొనాలా, బోరు మోటారు రివైండింగ్ చేయించాలా అని అక్కడే వాదన మొదలైంది. మేడమ్ నవ్వుతూ వింటూనే ఉంది తప్ప ఒక్క మాట దిద్దలేదు. చివరికి నేనే ‘డాలర్లయ్యా’ అన్నాను. బామ్మర్ది ఫోన్‌లో గుణించాడు. అంకె నమ్మబుద్ధి కాక ఫోన్ అడ్డం తిప్పి చూశాడు. ‘అది ట్యూషనే సార్, ఉండేది, తినేది, ఇన్సూరెన్స్ వేరే’ అంది మేడమ్, సమోసా ప్లేటు ముందుకు జరుపుతూ.

‘ఇది ట్విన్నింగా, డ్యూయల్ డిగ్రీనా?’ అని అడిగాను.

‘రెండూ సార్.’

యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) 2022 నిబంధనల ప్రకారం ట్విన్నింగ్‌లో పట్టా ఇక్కడి సంస్థదొక్కటే, విదేశంలో చదివే క్రెడిట్లు 30 శాతం దాటకూడదు. సగం చదువు అక్కడ పెట్టి ట్విన్నింగ్ అంటే ఎట్లా తల్లీ? స్కాలర్‌షిప్ యాభై శాతం ‘వరకు’ అట. ఆ ‘వరకు’ చదవాలంటే భూతద్దం కావాలి.

అప్పుడు పిల్లాడు నోరు తెరిచాడు. ‘మామా, నాకు సివిల్ ఇష్టం.’

ప్రయాణానికి బయల్దేరితే ఎవరో తుమ్మినట్టు అందరూ ఆగిపోయారు. ‘సివిలా! మేస్త్రీ పనికి అమెరికా ఎందుకురా?’

ఇక్కడ నాకు నవ్వు రాలేదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన జిల్లా ఇది. శ్రీశైలం నీళ్లు మనకు తెస్తామని దాదాపు 44 కిలోమీటర్ల ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం మొదలుపెట్టి ఏళ్లకేళ్లు తవ్వుతున్నారు. 2025 ఫిబ్రవరి 22న అందులో పైకప్పు కొంత కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. ఆ జిల్లాలో ఒక పిల్లాడు సివిల్ అంటే తప్పు మాట్లాడినట్టు చూస్తారా? టన్ను బత్తాయికి తరుగు ఎంత కోస్తారో కిలోతో సహా అడిగే రైతుకు, బిడ్డ చదువు దగ్గర మాత్రం ఎన్ని లక్షలో సరిగ్గా చెప్పకుండా నవ్వుతూ కూర్చుంటారా? సిగ్గుండాలి!

తెల్లారి బామ్మర్ది ఫోన్: ‘బావా, సీఎస్‌ఈకి అడ్వాన్స్ కట్టిన. పట్టా పాస్‌బుక్ జిరాక్స్ రెండు సెట్లు అడిగిన్రు, ఎందుకంటవ్?’