కిమ్‌ని ఇంకెన్నిసార్లు చంపుతారు?

మా టెన్త్ బ్యాచ్ గ్రూపులోకి మళ్లీ వచ్చింది. 2020 ఏప్రిల్‌లో మొదటిసారి చూసిన మెసేజే, కాస్త ఒళ్లు చేసి, కొత్త తోక తగిలించుకుని తిరుగుతోంది. ఈ నెలలో నాకు నలుగురు పంపారు. వాళ్లలో ఒకడు కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. ఉత్తర కొరియా కిమ్ జోంగ్ ఉన్ కరోనా టైములోనే గుండె ఆపరేషన్ వికటించి పోయాడట, ఇప్పుడు కనిపిస్తున్నది డూపట, తెరవెనక చెల్లెలు నడిపిస్తోందట. రుజువులుగా కొన్ని పాయింట్లు, గాజుపెట్టెలో పడుకున్న ఫొటో ఒకటి. చివర్లో ఒక నీతివాక్యం.

ఇన్నాళ్లూ చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఆ నీతివాక్యం కింద వరసగా చప్పట్ల బొమ్మలు పడేసరికి ఇక ఊరుకోలేకపోయాను.

మొదటి పాయింటు: తాత కిమ్ ఇల్ సుంగ్ జయంతికి రాలేదు. ఇది నిజమే. 2020 ఏప్రిల్ 11న పార్టీ పొలిట్‌బ్యూరో సమావేశంలో కనిపించినవాడు 15న, జయంతి రోజు, తాత భౌతికకాయం ఉంచిన కుమ్సుసాన్ ప్యాలెస్‌లో లేడు. అధికారంలోకి వచ్చాక ఆ తేదీన అక్కడికి వెళ్లకపోవడం అదే మొదలు. మే 1న సున్‌చోన్‌లో ఎరువుల ఫ్యాక్టరీకి రిబ్బన్ కత్తిరిస్తూ తేలాడు. మొత్తం ఇరవై రోజులు. 2014లో అయితే దాదాపు నలభై రోజులు అజా పజా లేడు. అప్పుడూ కుట్ర జరిగిందన్నారు, మనిషి లేడన్నారు. చేతికర్ర పట్టుకుని వచ్చాడు. చీలమండ దగ్గర సిస్టు తీశారని తర్వాత దక్షిణ కొరియా నిఘా సంస్థ చెప్పింది. ఇరవై రోజులకే మనిషి పోయినట్టయితే 2014లో రెండుసార్లు పోయి ఉండాలి.

అసలు ఆ ఇంట్లో ఇది వంశపారంపర్యం. 1986 నవంబరులో కిమ్ ఇల్ సుంగ్‌ని కాల్చి చంపేశారని సాక్షాత్తూ దక్షిణ కొరియా రక్షణ శాఖే చెప్పింది. ఆ వార్త చల్లారకముందే, 18వ తేదీన, పెద్దాయన ప్యాంగ్యాంగ్ విమానాశ్రయానికి వచ్చి మంగోలియా నాయకుడికి స్వాగతం చెప్పాడు. ఆ తర్వాత ఇంకో దాదాపు ఎనిమిదేళ్లు బతికాడు.

రెండోది గుండె ఆపరేషన్, వణికిన డాక్టర్ చేతులు. ఈ కథ ఎలా పెరిగిందో చూడండి. సియోల్‌లో ‘డైలీ ఎన్‌కే’ అనే వెబ్‌సైటు, ఏప్రిల్ 12న గుండెకి ఏదో చికిత్స జరిగిందని, కోలుకుంటున్నాడని రాసింది. కోలుకుంటున్నాడని, గమనించండి. ఆ వెంటనే సీఎన్ఎన్ అమెరికా అధికారి మాటగా ‘ప్రాణాపాయంలో ఉన్నాడన్న సమాచారాన్ని గమనిస్తున్నారు’ అంది. జపాన్ వారపత్రిక ఒకటి దానికి స్టెంటు వేసే డాక్టర్ని జోడించి, అతని చేతులు వణికించి, కిమ్‌ని జీవచ్ఛవం చేసింది. మన టీవీల దాకా వచ్చేసరికి వారసులెవరన్న చర్చ నడుస్తోంది. ఆలూ లేదు చూలూ లేదు అన్న సామెత పుట్టుక గురించి. దాన్ని చావుకి కూడా వాడొచ్చని అప్పుడే తెలిసింది. ఇంతకీ ప్యాంగ్యాంగ్‌లో వణికిన చేతుల్ని టోక్యోలో ఎవరు చూశారు?

చైనా డాక్టర్లు వెళ్లారన్నది రాయిటర్స్ వార్త. డాక్టర్లు బతికున్నవాళ్ల దగ్గరికే వెళతారు. తర్వాత?

‘దక్షిణ కొరియా ఎంపీయే 99 శాతం ఖాయమన్నాడు.’ అన్నాడు, జీ సియోంగ్ హో. మరో ఎంపీ థే యోంగ్ హో, కిమ్ లేచి నిలబడలేని స్థితిలో ఉండొచ్చన్నాడు. ఇద్దరూ ఉత్తర కొరియా నుంచి పారిపోయి వచ్చినవాళ్లే, సరిగ్గా ఆ ఏప్రిల్ 15 ఎన్నికల్లోనే గెలిచారు. మే 4న ఇద్దరూ జనానికి క్షమాపణ చెప్పారు. మన మెసేజ్‌లో 99 శాతం ఉంది, క్షమాపణ లేదు. అదే రోజుల్లో ‘బతికే ఉన్నాడు, వోన్సాన్‌లో ఉన్నాడు’ అని దక్షిణ కొరియా అధ్యక్షుడి సలహాదారు మూన్ చుంగ్ ఇన్ అన్నాడు. తూర్పు తీరంలోని ఆ వోన్సాన్‌లో కిమ్ సొంత స్టేషన్‌లో ఆ కుటుంబం వాడే రైలు ఆగి ఉన్నట్టు ఉపగ్రహ చిత్రాలూ వచ్చాయి. ఇవీ మెసేజ్‌లో లేవు.

పళ్లు మారాయి, చెవులు మారాయి, కాబట్టి డూపు. మన టెన్త్ గ్రూప్ ఫొటో పక్కన ఇప్పటి ఫొటోలు పెట్టి చూడండి, మనలో సగంమంది డూపులమే. 2023 సెప్టెంబరులో రష్యా వెళ్లి పుతిన్‌తో మాట్లాడింది, 2024లో ఒప్పందం మీద సంతకం పెట్టింది ఆ డూపేనా? అయితే అతనికి జీతం పెంచాలి.

ఇక ఆ చివరి వాక్యం. ‘అక్కడ మొదటి కరోనా రోగిని కాల్చేశారు, అందుకే కేసులు సున్నా. అలాంటి మొనగాడు మనకుంటే మనవాళ్లు ఇంతమంది పోయేవారు కాదు.’ పైన అన్ని పాయింట్లతో మనిషిని పాడె ఎక్కించి, చివరికి వచ్చేసరికి ఆ పోయినవాడే దేశాన్ని కాపాడాడంటారు. ఏదో ఒకటి తేల్చుకోండి.

రోగిని కాల్చేశారన్న కథకి ఇప్పటిదాకా ధ్రువీకరణ లేదు. ధ్రువీకరణ ఉన్నది వేరే ఉంది. 2020 సెప్టెంబరు 22న దక్షిణ కొరియా మత్స్యశాఖ ఉద్యోగి ఒకతను సముద్రంలో కొట్టుకుపోయి ఉత్తర కొరియా జలాల్లో కనబడ్డాడు. నీళ్లలో ఉన్నవాణ్ణి ఉన్నట్టే కాల్చి చంపారు. శవాన్ని కూడా తగలబెట్టారని దక్షిణ కొరియా సైన్యం అంది. కాదు, అతను పట్టుకు తేలిన వస్తువునే తగలబెట్టామని ఉత్తర కొరియా వాళ్లు అన్నారు. మూడు రోజులకి కిమ్ పేరుతో క్షమాపణ లేఖ వచ్చింది. మీ ‘మొనగాడు’ క్షమాపణ చెప్పుకున్న పని అది. దానికి మీరు చప్పట్లు కొడుతున్నారు.

ఆ సున్నా సంగతి కూడా చూద్దాం. 2020 జనవరిలోనే సరిహద్దులు మూసేశారు. చైనాతో వ్యాపారం ఆ ఏడాది దాదాపు 80 శాతం పడిపోయింది. తిండికీ మందులకీ ఆ దారి మీదే ఆధారపడ్డ దేశం అది. ఉత్తర సరిహద్దు వెంట కిలోమీటరు, రెండు కిలోమీటర్ల మేర ఎవరు అడుగుపెట్టినా హెచ్చరిక లేకుండా కాల్చమని ఆజ్ఞ. ఇంత చేసి టీకాలు తెప్పించారా? పేద దేశాలకి టీకాలు అందించే అంతర్జాతీయ పథకం కోవాక్స్, ఉత్తర కొరియాకి 19.92 లక్షల డోసులు కేటాయించింది, మన పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసినవి. అవి చేరలేదు. చైనా సినోవాక్ టీకాలు దాదాపు 30 లక్షలు ఇస్తామంటే, అవసరం ఎక్కువున్న దేశాలకి ఇచ్చుకోండి అన్నారు.

2022 మే 12న ఆ సున్నా పోయింది. ఒమిక్రాన్ వచ్చిందని వాళ్లే ఒప్పుకున్నారు. రెండున్నర కోట్ల జనాభాకి టీకా లేదు. ఉప్పునీళ్లు పుక్కిలించమని, ఆకుల టీ కాచుకు తాగమని ప్రభుత్వ మీడియా చెప్పింది. మనం తాగిన మిరియాల కషాయం లాంటిదే, కాకపోతే మనకి దాంతోపాటు రెండు డోసులు కూడా ఉన్నాయి. ఆగస్టుకి విజయం ప్రకటించారు. జ్వరాలు 47 లక్షలకు పైగా, చావులు 74. మళ్లీ చదవండి, డెబ్బై నాలుగు. ఆ లెక్క ఎవరు అడుగుతారు? అక్కడ అడిగే పత్రిక లేదు, వినే కోర్టు లేదు.

2021 మేలో మన బ్యాచ్‌లో ఒకణ్ణి పోగొట్టుకున్నాం. బెడ్డు కోసం రాత్రంతా ఫోన్లు చేసింది ఈ గ్రూపే. అప్పుడు ప్రభుత్వాల లెక్కలకీ శ్మశానాల లెక్కలకీ పొంతన లేదని పేపర్లు రాశాయి, హైకోర్టులు నిలదీశాయి, మనం నోరారా తిట్టాం. వాడి చావుని ఎవరైనా ‘జ్వరం’ అని రాసుకుని 74లో కూడా కలపకపోతే, అడిగినందుకు మనల్ని పట్టుకుపోతే, అప్పుడు కూడా ఈ చప్పట్లు కొట్టేవాళ్లమా? ఆ వాక్యం కింద చప్పట్లు పెట్టినవాళ్లలో ఆ రాత్రి ఆక్సిజన్ సిలిండర్ కోసం తిరిగినవాడు కూడా ఉన్నాడు. నాకు మండింది అక్కడే.

అన్నట్టు, ఆ విజయోత్సవ సభలోనే చెల్లెలు కిమ్ యో జోంగ్ తన అన్న కూడా తీవ్ర జ్వరంతో బాధపడ్డాడని చెప్పింది. 2020లో పోయినవాడికి 2022లో జ్వరం.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. ‘అంత పెద్ద చావుని దాచడం కుదరదు’ అని నేను అనను, కుదురుతుంది. వాళ్ల నాన్న కిమ్ జోంగ్ ఇల్ 2011 డిసెంబరు 17న పోతే, 19 మధ్యాహ్నం నల్లబట్టల్లో న్యూస్ రీడర్ వచ్చి ఏడుస్తూ చదివేదాకా సియోల్‌కి తెలియదు, వాషింగ్టన్‌కి తెలియదు. 2008లో ఆయనకి పక్షవాతం వచ్చిన సంగతీ దాచారు. 2020లో ఆ ఇరవై రోజులు ఏం జరిగిందో వాళ్లు ఈ రోజుకీ చెప్పలేదు. చేతిలో అణుబాంబులుండి, వారసుడెవరో ప్రకటించని మనిషి కనబడకపోతే ఎక్కడున్నాడని లోకం అడగడంలో తప్పు లేదు. ఇంకా నిజం చెప్పాలంటే, లాక్‌డౌన్‌లో ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్న ఆ ఏప్రిల్ చివరి వారంలో నేనూ నమ్మాను. మా బావకి ఫోన్ చేసి, ‘అయిపోయాడంట’ అని గట్టిగా చెప్పాను కూడా. వారం తిరక్కుండా అతను ఎరువుల ఫ్యాక్టరీలో నవ్వుతూ నిలబడ్డాడు. మా బావ ఇప్పటికీ దెప్పుతాడు.

మిగిలింది ఫొటో. ఒరేయ్, మళ్లీ పంపాలనిపిస్తే పంపుకోండి, నేను గ్రూపులోంచి పోను, ఎవణ్ణీ తీసేయను. ఆ గాజుపెట్టె ఫొటో మాత్రం తీసేసి పంపండి. అది 2011 నాటిది. మొహం ఒక్కటే కిమ్‌ది, అతికించారు. పడుకున్నది వాళ్ల నాన్న.