రెండో నల్లగొండ టెక్నిక్

మా జిల్లాలో ఎవరైనా చరిత్ర రాస్తున్నానంటే సాయుధ పోరాటం గురించే అనుకుంటారు. నేను షాపింగ్ మాల్ చరిత్ర రాస్తున్నానని చెబితే, గడియారం సెంటర్‌లో చాయ్ తాగుతున్న మిత్రుడు గ్లాసు కింద పెట్టి, "పానం మంచిగుందా అన్నా?" అని అడిగాడు. పానం మంచిగనే ఉంది. పానగల్లు ఛాయా సోమేశ్వరుడి గుళ్లో పొద్దంతా కదలకుండా పడే నీడ గురించి ఎంతోమంది రాశారు. అంతకంటే పెద్ద నీడను, పైగా ఏసీతో సహా ఇస్తున్న కట్టడం గురించి ఒక్కరూ రాయలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ ప్రయత్నం.

ముందు మాల్ అంటే ఏమిటో తేల్చుకోవాలి. అమెరికాలో ఒకే కప్పు కింద వంద దుకాణాలుంటే అది మాల్. మన దగ్గర ఒకే దుకాణానికి నాలుగు కప్పులుంటే అది మాల్. బట్టల షాపు మీద రెండో స్లాబు పడ్డ రోజే బోర్డు మారిపోతుంది. లిఫ్ట్ కూడా పెడితే పేరుకు ముందు 'మెగా' చేరుతుంది. కింద ఫ్యాన్సీ చీరలు, ఆ పైన పట్టు, ఆ పైన మగవాళ్ల బట్టలు, అన్నింటికంటే పైన పిల్లలవి. చంకలో పిల్లాడున్న తల్లే అన్ని అంతస్తులూ ఎక్కాలన్నది ఏ మహానుభావుడి ఆలోచనో గానీ, రాష్ట్రమంతా తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు.

మా మాల్ హైదరాబాద్ రోడ్డులో, ఊరు అయిపోయిందని అనుకున్న చోట ఉంది. పేరు చెప్పను. అన్నింటి కథా ఒకటే కాబట్టి చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. తవ్వి చూస్తే ఆ స్థలంలో నాలుగు పొరలు కనిపిస్తాయి. అన్నింటికంటే అడుగున బత్తాయి తోట. బోర్లు ఎండాయి, చెట్లు ఎండాయి. దాని మీద రెండో పొరగా తెల్ల సున్నం కొట్టిన హద్దు రాళ్లు, ఒక ఆర్చి, రంగుల జెండాలు: వెంచర్ యుగం. మూడో పొర ఫంక్షన్ హాల్. ఇక్కడ పగిలిన ప్లాస్టిక్ కుర్చీలు, విస్తరాకులు విరివిగా దొరుకుతాయి. నాలుగోది మాల్. 1951 ఏప్రిల్ 18న, అప్పట్లో ఈ జిల్లాలోనే ఉన్న పోచంపల్లిలో, వినోబా భావే భూమి అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు దానం చేశారు. అప్పటి నుంచి మేం చాలా ముందుకొచ్చాం. ఇప్పుడు ఎకరం అన్న మాటే ఎవరూ ఎత్తరు, గజం ఎంతో చెబుతారు.

ప్రారంభోత్సవానికి హీరోయిన్ వచ్చింది. రెండు గంటలు ట్రాఫిక్ ఆగింది. ఊళ్లో సగం మంది ఆమెను చూశామంటారు, మిగతా సగం ఆమె కారును చూశామంటారు. ఆ రోజు లోపల ఎవరేం కొన్నారో చెప్పగలిగిన సాక్షి ఒక్కడు కూడా నాకు దొరకలేదు.

గత ఆషాఢంలో మాత్రం మాల్ చరిత్రలో గొప్ప ఘట్టం జరిగింది. చీరలు కిలో లెక్కన అమ్మారు. ఎలక్ట్రానిక్ కాటా పెట్టారు, దాని చుట్టూ తాడు కట్టారు. నా ముందున్నావిడ ఆరు చీరలు వేసి, కాటా కిలో మీద ఇరవై గ్రాములు చూపిస్తే, ఒక జాకెట్ ముక్క తీసి పక్కన పెట్టింది. బత్తాయిలు టన్నుల లెక్కన లారీ ఎక్కిన నేల మీదికి మళ్లీ కాటా వచ్చినందుకు నాకు కళ్లు చెమర్చాయి. ఆ ఆరింటిలో రెండింటి మీద 'పోచంపల్లి డిజైన్' అని చీటీ ఉంది. మగ్గం మీద నేసే పోచంపల్లి ఇకత్‌కు 2005లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఆ రెండు చీరల్లో మగ్గం బరువు ఒక్క గ్రాము కూడా లేదు. ఎంత తేలికో!

ఇక అసలు మూలపురుషుడి దగ్గరికి వద్దాం. ఆయన పేరు విక్టర్ గ్రూయెన్, పుట్టింది 1903లో వియన్నాలో. 1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించాక అమెరికా పారిపోయిన యూదు ఆర్కిటెక్ట్. వియన్నా కూడళ్లలో మనుషులు కాఫీ తాగుతూ, పత్రిక చదువుతూ, పనేమీ లేకుండా గంటలు గంటలు కూర్చోవడం చూసి పెరిగినవాడు. అమెరికాలో అందరూ కార్లలోనే కనబడ్డారు. పనిలేకుండా కూర్చునే చోటు ఒక్కటీ కనబడలేదు. అందుకే మినియాపోలిస్ శివారులోని ఎడైనాలో, 1956లో, సౌత్‌డేల్ అనే మాల్ కట్టాడు. నాలుగు గోడల మధ్య పైకప్పు కింద, ఎప్పుడూ ఒకే వాతావరణం ఉండేలా కట్టిన తొలి మాల్ అమెరికాలో అదే. మధ్యలో తోట, చేపల కొలను, పెద్ద పక్షుల పంజరం. బయట మంచు కురుస్తున్నా లోపల 24 డిగ్రీలు. చుట్టూ ఇళ్లు, బడి, ఆస్పత్రి, పార్కు వచ్చి అదొక ఊరవుతుందని ఆయన ఆశ. అంటే పాపం, గడియారం సెంటర్‌ను కట్టబోయాడు.

వ్యాపారులు తోట సంగతి పక్కన పెట్టి దుకాణాలు మాత్రం పట్టుకున్నారు. ఒకటి కొందామని వచ్చినవాడు లోపలి తళుకుకు దారి తప్పి, వచ్చిన పని మరిచి, కనబడిందల్లా కొనే స్థితికి ఆయన పేరే పెట్టారు: గ్రూయెన్ ట్రాన్స్‌ఫర్. (మా దగ్గర ట్రాన్స్‌ఫర్ అంటే టీచర్లకు తప్ప ఎవరికీ టెన్షన్ ఉండదు.) ఆయన విసిగి వియన్నా తిరిగి వెళ్లిపోయాడు. 1976లో ఆ ఊరి శివారులోనే పెద్ద మాల్ లేచింది. 1978లో, ఈ మాల్స్ నా పిల్లలు కావు, వీటికి భరణం కట్టను అని తేల్చి చెప్పాడు. 1980లో పోయాడు.

ఇంకొన్నాళ్లు బతికి, ఒక మే నెల మధ్యాహ్నం నల్లగొండ బస్సెక్కి ఉంటే ఆయన మనసు కుదుటపడేదని నా నమ్మకం.

ఎందుకంటే ఆయన కలను నిజం చేసింది మేమే. అక్కడ చలికి కట్టింది మాకు ఎండకు పనికొచ్చింది. మా నల్లరాతి గుట్టలు వేడెక్కితే రాత్రి పదికి కూడా గోడ మీద చెయ్యి పెట్టలేం. కాబట్టి పన్నెండు కొట్టగానే ఊరు మాల్‌కు తరలుతుంది. కొనడానికి కాదు.

1970ల్లో నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ ఫ్లోరైడ్ నీళ్లను బాగుచేసే పద్ధతి కనిపెట్టింది. సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ వేసి తిప్పి, తేరుకున్నాక పైనీళ్లు తీసుకోవాలి. ఆ ఫ్లోరైడ్ నీళ్లు తాగి మా వాళ్ల ఎముకలు వంగిపోయిన పుణ్యాన దానికి ప్రపంచమంతా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు స్థిరపడింది. ఇది రెండోది. లోపలికి అడుగు పెట్టగానే "పెళ్లి పట్టుచీరలు ఏ ఫ్లోర్?" అని గట్టిగా అడగాలి. పెళ్లి అనే మాట పటిక లాంటిది, అది పడగానే సేల్స్ వాళ్ల అనుమానమంతా అడుక్కి దిగిపోతుంది. తర్వాత కుటుంబాన్ని నాలుగు అంతస్తులూ ఒకసారి తిప్పాలి. అంతా తేరుకున్నాక సోఫాలో కూర్చుని పైపైన చల్లదనం తీసుకోవాలి. ఖర్చు పార్కింగ్ పది రూపాయలు. ఆటోలో వస్తే అదీ లేదు.

ఈ టెక్నిక్‌లో మా పెద్దమ్మను మించినవాళ్లు లేరు. ఆమె జీవితమంతా అంగడిలో బేరమాడింది, ఉద్దెర పెట్టింది, తీర్చింది. ఒకసారి చీర మీది చీటీ చూసి సేల్స్ అమ్మాయిని అడిగింది.

"ఎంతకిస్తవ్ బిడ్డా?"

"ఫిక్స్‌డ్ రేట్ అమ్మా."

"ఫిక్స్ చేసిందెవలు?"

"ఓనర్ సారమ్మా."

"జర కిందికి ఫిక్స్ చెయ్యమను. నేను ఈడ్నే కూసుంట."

సాయంత్రం ఐదున్నర దాకా కూర్చుంది. ఆ అమ్మాయిది తిప్పర్తి అని, బస్సుకు రోజూ ఎంతవుతుందో, జీతం ఎంతో, పొద్దంతా నిలబడితే పిక్కలు ఎలా లాగుతాయో అన్నీ తెలుసుకుంది. "నువ్వూ కూసో బిడ్డా" అంటే, కూర్చుంటే ఊరుకోరమ్మా అంది ఆ పిల్ల. చీర కొనలేదు. ఎండ తగ్గింది.

పోయిన నెల యాజమాన్యం మేల్కొని సోఫాలు తీసేసింది. జనం మెట్ల మీద కూర్చున్నారు. మెట్లకు తాడు కడితే ట్రయల్ రూమ్ దగ్గరి బెంచీకి వరస కట్టారు. నిన్న అక్కడే నాకు కాస్త చోటు దొరికింది. పేపర్ మడత విప్పానో లేదో సెక్యూరిటీ అతను వచ్చి నిలబడ్డాడు.

"సార్, ఏమన్నా తీసుకుంటున్నరా?"

చరిత్రకారుడిగా వాస్తవం చెప్పడం నా ధర్మం. "లేదు తమ్మీ, గ్రూయెన్ కోసం వచ్చిన" అన్నాను.

అతను కాసేపు ఆలోచించాడు.

"ఆ బ్రాండ్ థర్డ్ ఫ్లోర్ల ఉంటది సార్. కిడ్స్‌వేర్ పక్కన."